దుప్పటి తన్నేసే మనవడికి కొన్న స్లీపింగ్ బ్యాగు

ఐదుకు మూడున్నర నక్షత్రాలు. మూడు మెడ, చంకల దగ్గరి కుట్టుకు. అర నక్షత్రం కింది నుంచి తెరుచుకునే జిప్పుకు. మిగతా ఒకటిన్నర ఎందుకు కోసేశానో కింద రాశాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. రాత్రి దుప్పటికి బదులు బిడ్డకు తొడిగే ఇదే తరహా సంచులు ఇప్పుడు చాలామంది కుట్టి అమ్ముతున్నారు. ఏయే చోట్ల పట్టి చూడాలో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా మోసపోరు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. లేకపోతే ఈ వస్తువు మీ ఇంటికి పనికొస్తుందో లేదో తేల్చుకోలేరు. మేం ఉండేది ఆదిలాబాదులో. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పడిపోవడం ఇక్కడ వింతేమీ కాదు. పక్కనున్న ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్ (యు) పేరు చలికాలం రాగానే పేపర్లకు ఎక్కుతుంది. మాది పాత స్లాబు ఇల్లు. పురిటికి వచ్చిన అమ్మాయికి ఇచ్చింది ఉత్తరం వైపు గది. కిటికీ రెక్కలు బిగుతుగా పడవు. మనవడు దసరా వెళ్లాక పుట్టాడు, అంటే వాడు చూసిన లోకమంతా చలికాలమే. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం పసిపిల్లల వార్డులోనే గడిచింది కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయాలు కాస్త గట్టిగానే ఉంటాయి.

పసిబిడ్డను రాత్రి వెచ్చగా ఉంచడం అంటే మన ఇళ్లలో ఉన్నవన్నీ కప్పడం. స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద దుప్పటి, దాని మీద బొంత. కానీ కాళ్లు ఆడించడం వచ్చిన బిడ్డ దగ్గర దుప్పటికి రెండే గతులు: కాళ్ల కిందికి పోవడం, ముఖం మీదికి రావడం. మొదటిదైతే ఒళ్లు చల్లబడుతుంది. రెండోదైతే ఊపిరాడదు. రెండూ మనం గాఢనిద్రలో ఉన్నప్పుడే జరుగుతాయి. బిడ్డ మీద నుంచి జారిపోనిది, ముఖం మీదికి పాకనిది ఏదైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఈ సంచిని నేను ఆ ఒక్క పనికే తూచాను. మెత్తగా ఉందా, బొమ్మలు బాగున్నాయా అన్నది తరువాత.

అల్లుడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతానంటే, పార్శిళ్ల మీద నమ్మకం లేక ముందు ఊళ్లోనే అడిగి చూశాను. పిల్లల బట్టల దుకాణంలో కుర్రాడు "స్లీపింగ్ బ్యాగే కదమ్మా" అంటూ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. తలకు కుందేలు చెవుల టోపీ, లోపలే కుట్టేసిన దిండు, చుట్టూ బొటనవేలు లోతుకు దిగిపోయే మెత్తటి దూది అంచు. "ఇందులో పడుకోబెట్టి జిప్పు లాగితే గాలి కూడా దూరదు" అన్నాడు గర్వంగా. "అదే నా భయం నాయనా" అన్నాను.

చాలా దుకాణాల్లో స్లీపింగ్ బ్యాగంటే ఇదే ఇస్తారు. బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి, చేతుల్లో పెట్టుకుని చుట్టాలకు చూపించడానికి అది బాగానే ఉంటుంది. రాత్రంతా అందులో వదిలేస్తే బిడ్డ కిందికి జారుతాడు, టోపీ ముఖం మీదికి వాలుతుంది, అంచు ముక్కుకు ఆనుతుంది. నేను చెబుతున్నది వేరే రకం. చేతులు లేని లాల్చీకి కింది అంచు కలిపి కుట్టేసినట్టు ఉంటుంది. తల బయట, చేతులు బయట, భుజాల నుంచి పాదాల దాకా లోపల. దుకాణంలో అడిగేటప్పుడు "తొడిగే రకం" అని విడమరిచి చెప్పండి.

చివరికి ఆన్‌లైన్‌లోనే తెప్పించాం. మాకు వచ్చింది 0–6 నెలల సైజు, 2.5 టాగ్ (వెచ్చదనం కొలత, కింద చెబుతాను), ఖరీదు పద్దెనిమిది వందల చిల్లర. పైనా లోపలి అస్తరూ నూలు గుడ్డ, మధ్యలో పాలిస్టర్ దూది. పొడవు 70 సెంటీమీటర్లు. చీటీ మీద కనీస బరువు నాలుగు కిలోలని ఉంది. చాలామంది నెలలు చూసి తొడిగేస్తారు కానీ చూడవలసింది ఆ బరువే. అంతకన్నా చిన్న బిడ్డకు తొడిగితే మెడ వదులై తల లోపలికి జారిపోతుంది. మా వాడు 2.8 కిలోలతో పుట్టాడు, కాబట్టి సంచిని ఉతికి, మడిచి బీరువాలో పెట్టాను. అప్పటిదాకా పల్చటి పొత్తిగుడ్డతో చేతులు లోపల, కాళ్లు వదులుగా చుట్టి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లం. మెలకువగా ఉన్నప్పుడు తల్లి రొమ్ము మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి పైన శాలువా కప్పేవాళ్లం. అంతకు మించిన వెచ్చదనం ఏ కంపెనీ దగ్గరా దొరకదు. ఆశా కార్యకర్త 42వ రోజు ఇంటికి వచ్చి తూచినప్పుడు ముల్లు నాలుగు దాటింది. ఆ రాత్రే సంచి బయటికి తీశాను.

ఇక మెడ. జిప్పు పూర్తిగా వేసి, భుజాల మీది టిచ్ బటన్లు నొక్కి, సంచిని భుజాల దగ్గర పట్టుకుని మెల్లగా పైకి లాగాను. మెడ పట్టీ గడ్డం దగ్గరే ఆగింది, మూతి మీదికి రాలేదు. మెడకూ పట్టీకీ మధ్య నా చిటికెన వేలు, ఉంగరం వేలు కలిపి పట్టేంత సందు. అంతకన్నా ఎక్కువ ఉంటే వద్దు. వేలు దూరకపోతే సైజు చిన్నది. చంక కింద అదనంగా ఇంకో బటను ఉంది. అది పెడితే చేతి సందు ఇరుకవుతుంది, బిడ్డ చెయ్యి లోపలికి లాక్కుని చిక్కుకోడు. పెరిగాక ఆ బటను వదిలేస్తే అదే సంచి ఇంకొన్నాళ్లు వస్తుంది. జిప్పు పై కొనకు చిన్న గుడ్డ మడత కుట్టారు, ఇనుప ముక్క గడ్డానికి రాసుకోకుండా. కిందంతా వెడల్పు. వాడు మోకాళ్లు రెండు వైపులకు వాల్చి, అరికాళ్లు దగ్గరగా పెట్టుకుని హాయిగా పడుకున్నాడు. బిడ్డ తుంటి కీళ్లు సరిగా కుదురుకోవడానికి ఆ భంగిమ కావాలి. కాళ్లు చాపి బిగించి కట్టే పాత పద్ధతి నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఈ మెడ, చంకలు, వెడల్పు చూసే మూడు నక్షత్రాలు ఇచ్చాను.

టాగ్ అంటే గుడ్డ వేడిని ఎంతవరకు బయటికి పోనివ్వదో చెప్పే కొలత. 1940లలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, షిర్లీ ఇన్‌స్టిట్యూట్ అనే జౌళి పరిశోధన సంస్థలో తయారైంది. లెక్క తేలికే. గది 24 డిగ్రీలు దాటితే అర టాగ్, 20 నుంచి 24 మధ్య ఒక టాగ్, 16 నుంచి 20 మధ్య రెండున్నర. ఇక్కడ చూడవలసింది పేపర్లో వేసే బయటి చలి కాదు, బిడ్డ పడుకున్న గది. నేను మంచం పక్కన గోడకు డిజిటల్ థర్మామీటరు తగిలించాను. బయట తొమ్మిది డిగ్రీలున్న తెల్లవారుజామున కూడా మా గది పదిహేడుకు అటూ ఇటూగా ఉంది. బ్రిటన్‌లో పసిపిల్లల నిద్ర భద్రత మీద పనిచేసే లల్లబై ట్రస్ట్ గది 16–20 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని చెబుతుంది. అంటే చలికాలంలో మన ఉత్తర తెలంగాణ గది అక్కడి మామూలు పడకగదికి సమానమన్నమాట. అక్కడ పిల్లలు కుంపట్లు, బొంతలు లేకుండానే పెరుగుతున్నారు.

సంచితో పాటు కంపెనీ వాళ్లు పంపిన అట్ట థర్మామీటరు నా డిజిటల్‌ది చూపిన దానికన్నా మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది. దాన్ని నమ్మి బట్టలు తగ్గించి ఉంటే ఏమయ్యేదో! అట్టను చెత్తబుట్టలో వేశాను.

లోపల ఏమి వేయాలి? పదిహేడు డిగ్రీల గదిలో మేం వేసింది పొడుగు చేతుల నూలు చొక్కా, పాదాలు మూసే పైజామా, వాటి మీద ఈ సంచి. అంతే. స్వెట్టరు లేదు, కుల్లాయి లేదు, పైన దుప్పటి అసలే లేదు. ఎక్కువ చలి వేసిన రాత్రుల్లో చొక్కా లోపల చేతుల్లేని పల్చటి బనియను ఒకటి చేరింది.

ఇక్కడే వియ్యపురాలికీ నాకూ చిన్న యుద్ధం జరిగింది. ఆవిడ రాజమండ్రి నుంచి మనవణ్ణి చూడడానికి వస్తూ ఉన్ని స్వెట్టర్లు, మంకీ క్యాపు, మేజోళ్లు సంచినిండా తెచ్చారు. రాత్రి వాడి చెయ్యి పట్టుకుని చూసి, "వదినగారూ, చేతులు మంచులా ఉన్నాయి, బిడ్డను చలికి చంపేస్తారా ఏమిటి?" అన్నారు.

"చెయ్యి కాదు వదినగారూ, మెడ వెనక పెట్టి చూడండి" అన్నాను.

చెయ్యి చొక్కా లోపలికి పోనిచ్చి చూశారు. వెచ్చగా, పొడిగా ఉంది. ఆవిడ ఏమీ మాట్లాడకుండా మంకీ క్యాపు మడిచి పెట్టేశారు. పూర్తిగా ఒప్పుకున్నారని కాదు; మర్నాడు పొద్దున ఎండలో తిప్పేటప్పుడు పెట్టించారు. అది నాకూ అభ్యంతరం లేదు.

పసిపిల్లల చేతులు, పాదాలు చల్లగా ఉండడం మామూలు. ఒళ్లు వెచ్చగా ఉందో లేదో తెలిసేది ఛాతీ మీద, మెడ వెనక. అక్కడ చల్లగా ఉంటే ఇంకో పొర వేయాలి. అక్కడ చెమట పట్టి ఉన్నా, తల వెంట్రుకలు తడిగా అంటుకున్నా, ఒంటి మీద పేలినట్టు ఎర్రగా కనిపించినా ఒక పొర తీసేయాలి. థర్మామీటరు పెడితే చంకలో 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. వార్డులో మేం రాసుకునే అంకెలు ఇవే. అప్పుడే పుట్టిన బిడ్డకు మనలా వణుకు రాదు. మెడ వెనక, భుజాల మధ్య ఉండే ప్రత్యేకమైన కొవ్వును కరిగించి వేడి పుట్టించుకోవాలి. బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లకు ఆ నిల్వ తక్కువ. వాళ్ల విషయం డాక్టరు చెప్పినట్టే నడవాలి, కుల్లాయి పెట్టమంటే పెట్టాలి. నేను రాసినవన్నీ నెలలు నిండి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గురించే. అలాంటి బిడ్డకు ఇంట్లో, నిద్రలో తల మూయకూడదు. ఒళ్లంతా కప్పి ఉన్నప్పుడు ఎక్కువైన వేడి బయటికి పోయేది తల నుంచే. దాన్ని కూడా మూసేస్తే బిడ్డ ఉడికిపోతాడు. పైగా కుల్లాయి కళ్ల మీదికి, ముక్కు మీదికి జారుతుంది.

సంచి కొన్నాక మిగతావి తీసేయకపోతే కొన్న డబ్బు దండగ. మా ఇంట్లో మొదట పోయింది ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని ఎదురింటావిడ ఎంతో ప్రేమతో కుట్టి ఇచ్చారు. వాడు మెలకువగా ఉన్నప్పుడు పగలు కాసేపు బోర్లా వేసి ఆడిస్తున్నాం, తల దానంతట అదే సర్దుకుంటుంది. తరువాత చుట్టూ పెట్టే బొద్దు దిండ్లు, బొమ్మలు, మెడలో పూసల దండ, మొలతాడుకు వేలాడే గజ్జె. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దాని మీద బిగువుగా పరిచిన ఒక్క గుడ్డ. బిడ్డ వెల్లకిలా. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో కొత్తగా ఇచ్చిన సూచనల్లో ఉన్నవి ఇవే. తల్లి గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోబెట్టమని కూడా వాళ్లు చెప్పారు. మేం వాడి తొట్టి మంచాన్ని అమ్మాయి మంచానికి ఆనించి వేశాం. చెయ్యి చాపితే అందుతాడు. అమ్మాయి రగ్గు మాత్రం వాడి మీదికి రాదు.

వెల్లకిలా పడుకోబెట్టడం ఎవరో వచ్చి మనకు నేర్పనక్కరలేదు. మన అమ్మమ్మలు ఎప్పుడూ అంతే. అమెరికాలోనే ఒకప్పుడు బోర్లా పడుకోబెట్టమని చెప్పేవారు. 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక కారణం తెలియని నిద్ర మరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి. మనం మార్చుకోవలసింది వేరే ఉంది. చీర ఉయ్యాల పగలు, ఎదురుగా కూర్చుని ఊపినంతసేపూ సరే. రాత్రంతా అందులో వదిలేస్తే వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, రెండు వైపులా చీర ముఖం మీద మూసుకుంటుంది.

కుంపటి విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. తలుపులు మూసిన గదిలో బొగ్గులు పెట్టి పడుకోవద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పెద్దవాళ్లే లేవలేరు, ఇక బిడ్డ సంగతి చెప్పాలా? స్నానం తరువాత సాంబ్రాణి పొగ పట్టే అలవాటు కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. మా ఇంట్లో నేను ఆపించేశాను. వేడి నీళ్ల బాటిలు పక్కలో పెట్టడం ఇంకో ముచ్చట. మూత వదులై కాలిన పసికాళ్లకు కట్టు కట్టిన చేతులు ఇవి. గది మరీ చల్లగా ఉంటే పడుకునే ముందు కాసేపు ఎలక్ట్రిక్ హీటరు వేసి, బిడ్డను పడుకోబెట్టేటప్పుడు ఆపేయండి. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కితే అదే సగం చలిని ఆపుతుంది. మాకు అలాగే జరిగింది.

రాత్రి వాడకంలో ఈ సంచి ఎలా ఉందో చెప్పాలి. జిప్పు పై నుంచీ, కింది నుంచీ కూడా తెరుచుకుంటుంది. అర్ధరాత్రి డైపరు మార్చాలంటే కింది నుంచి నడుము దాకా తెరిస్తే చాలు, ఛాతీ మీద వెచ్చదనం అలాగే ఉంటుంది. వాడు సగం నిద్రలోనే ఉంటాడు. ఒక వైపు మాత్రమే తెరుచుకునే సంచి కొనకండి, నడిరాత్రి బిడ్డను మొత్తం విప్పితే లేచి తెల్లారే దాకా కబుర్లు చెబుతాడు. పాలు పట్టేటప్పుడు సంచితోనే ఎత్తుకోవచ్చు. అయితే తల్లి ఒడిలో ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి పైన శాలువా కప్పకూడదు. దుప్పటి జారిందేమోనని గంటకోసారి లేచి తడుముకునే పని అమ్మాయికి తప్పింది. బాలింతకు దక్కిన ఆ నిద్రకు విడిగా నక్షత్రం ఇవ్వాలి నిజానికి.

ఇక కోతలు.

మొదటిది, మందం వల్ల ఇది ఆరదు. పొద్దున ఉతికి డాబా మీద వేస్తే సాయంత్రానికి కూడా మధ్యలో తడి చేతికి తగులుతుంది. డైపరు పక్క నుంచి కారిన రాత్రి మీ దగ్గర ఇంకో సంచి లేకపోతే మళ్లీ దుప్పట్ల పాలే. కాబట్టి దీని అసలు ఖరీదు రెండు సంచుల ఖరీదని లెక్క వేసుకోండి.

రెండోది జిప్పు. కింది వంపు దగ్గర లోపలి అస్తరు పళ్లలో పడుతుంది. చీకట్లో, ఒక చేత్తో బిడ్డ కాళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో దాన్ని విడిపించడం ఎంత హాయిగా ఉంటుందో కుట్టిన వాళ్లకు తెలియదు. అక్కడ వేలెడు వెడల్పు పట్టీ వేస్తే సరిపోయేది.

మూడోది నాకు నిజంగా కోపం తెప్పించింది. కొన్ని ఉతుకులకే ఎడమ భుజం మీది టిచ్ బటను వదులైంది. పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేలా ఊగింది. ఊడితే అది బిడ్డ నోట్లోకి పోయేంత సైజు. ఆ రాత్రి నుంచే సంచి తొడగడం ఆపేసి కంపెనీకి రాశాం. ఫోటో పంపమన్నారు, పంపాం. ఇంకో ఫోటో, వెలుతురులో తీసింది పంపమన్నారు, అదీ పంపాం. పాతది తిరిగి పంపితే కొత్తది ఇస్తామన్నారు, కానీ వాళ్ల కొరియరు మా పిన్‌కోడుకు రాదట. సంచి తెచ్చి ఇవ్వడానికి దొరికిన దారి తీసుకెళ్లడానికి దొరకలేదు! చివరికి అల్లుడు గట్టిగా మాట్లాడితే కొత్తది పంపారు. ఏనుగు బొమ్మలవి పోయి పుచ్చకాయ ముక్కల బొమ్మలవి వచ్చాయి. వాడికి తేడా తెలియలేదు. కొత్త దాని బటన్లు గట్టిగానే ఉన్నాయి, అయినా ఉతికిన ప్రతిసారీ ఒక్కొక్కటే లాగి చూశాకే తొడుగుతున్నాం. మీరూ అలాగే చూడండి.

నాలుగోది, చీటీ మీద "అంతర్జాతీయ ప్రమాణాలు" అని గొప్పగా అచ్చు వేశారు గానీ ఏ ప్రమాణమో చెప్పలేదు. తొడిగే సంచులకు 2009లో బ్రిటిష్ ప్రమాణం బిఎస్ 8510 వచ్చింది, తరువాత 2018లో యూరప్ ప్రమాణం ఈఎన్ 16781 వచ్చింది. మెడ సందు, జిప్పు, బటన్ల గట్టిదనం లాంటివి పరీక్షించేది వాటి ప్రకారమే. ఆ నంబరు వేసి అమ్మే కంపెనీ దొరికితే రెండు వందలు ఎక్కువైనా దాన్నే ఎంచుకోండి. అడిగితే ఈ కంపెనీ నుంచి వచ్చిన జవాబు: "మా ఉత్పత్తి అత్యంత సురక్షితం మేడమ్."

అదే వెబ్‌సైటులో బిడ్డ గాఢంగా నిద్రపోతాడంటూ లోపల బరువు గింజలు కుట్టిన సంచి కూడా చూపించింది, తల్లి కౌగిలిలా ఉంటుందట. పసిబిడ్డ ఛాతీ మీద బరువు పెట్టకూడదు. ఆ అమెరికా సంఘం కూడా బరువు పెట్టిన సంచులు, దుప్పట్లు వద్దని విడిగా రాసింది. ఎంత తగ్గింపు ధర ఇచ్చినా ముట్టుకోకండి.

ఇంత డబ్బెందుకు, టైలరు చేత కుట్టించుకోవచ్చు కదా అని అడిగిన వాళ్లున్నారు. మా వీధిలో ఒకామె పాత చీరల బొంతతో చక్కగా కుట్టించింది. గుడ్డ ఎంత మెత్తగా ఉందో, కొన్నదానికన్నా నాకు అదే నచ్చింది. కానీ మెడ "పెరుగుతాడు కదా" అని రెండు అంగుళాలు వదులుగా పెట్టారు, భుజాలకు నాడాలు కట్టారు. నాడాలు తీయించి, మెడ తగ్గించి మళ్లీ కుట్టమని చెప్పాను. టైలరుకు బిడ్డను చూపించి మెడ చుట్టుకొలత, తల చుట్టుకొలత రెండూ కొలిపించి, మెడ సందులోంచి తల ఏ వైపు నుంచీ జారకుండా కుట్టగలిగితే కుట్టించుకోండి. పెరిగే వయసుకు సరిపోయేలా ముందే పెద్దదిగా కుట్టే మన అలవాటు గౌన్లకు బాగుంటుంది గానీ దీనికి కుదరదు.

నాలుగో నెలలో వాడు ఒక పక్కకు తిరగడం మొదలుపెట్టాడు. అప్పటికే పొత్తిగుడ్డ చుట్టడం మానేశాం కాబట్టి చిక్కు రాలేదు. బోర్లా తిరగబోతున్న బిడ్డను చేతులు కట్టి చుట్టకూడదు. సంచిలో చేతులు స్వేచ్ఛగా ఉంటాయి, తిరిగినా తల ఎత్తుకోగలడు. పడుకోబెట్టేటప్పుడు మాత్రం ప్రతిసారీ వెల్లకిలానే.

కొనాలా వద్దా అంటే, ఆదిలాబాద్, ఆసిఫాబాద్, అరకు, చింతపల్లి వైపు వాళ్లు చలికాలంలో పుట్టబోయే బిడ్డ కోసం 2.5 టాగ్ సంచి కొనుక్కోవచ్చు. హైదరాబాదు గదులకు ఒక టాగ్ చాలు. రాజమండ్రి, విజయవాడ వాళ్లకు ఇది అనవసరం. మా వదినగారింట్లో సంక్రాంతికి కూడా ఫ్యాను తిరుగుతుంది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్లేటప్పుడు దీన్ని పెట్టెలో పెట్టవద్దని, పొడుగు చేతుల నూలు చొక్కా, పైజామా చాలని అమ్మాయికి చెప్పాను. ఏసీ గదిలో పడుకోబెట్టే వాళ్లు ఏసీని 25 దగ్గర పెట్టి, గాలి సూటిగా బిడ్డ మీద పడకుండా చూసుకుంటే అర టాగ్ సంచితో సరిపోతుంది.

అల్లుడు బెంగళూరు ఇంటి కోసం 6–18 నెలల సైజులో ఒక టాగ్ సంచి చూస్తున్నాడు, ఈసారి ప్రమాణం నంబరు ఉన్న కంపెనీదే. వచ్చాక మెడ పట్టీ లాగి చూసి దాని సంగతి కూడా రాస్తాను.